ఈతలో ముందుగా నేర్వవలసింది ఊపిరి వదలడం

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. ఈత మొదలుపెట్టి నెల కావస్తున్నదనీ, కొలనులో ఈ చివరినుంచి ఆ చివరికి చేరేసరికి రొప్పుతూ గట్టు పట్టుకోవలసి వస్తున్నదనీ, చేతుల్లో బలం చాలడం లేదేమోనని అనుమానంగా ఉన్నదనీ రాశారు. మీ చేతుల బలానికి వచ్చిన లోటేమీ లేదు. కొత్తగా ఈత నేర్చేవాళ్ళను అలసిపోయేటట్టు చేసేది, నేను చూసినంతలో, చాలావరకు బిగబట్టిన ఊపిరే. అందుకని ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం ఊపిరి గురించే ఉంటుంది, విసుక్కోకండి.

ముఖం నీళ్ళలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల పైకి తేలిన ఆ అరక్షణంలోనే లోపలి గాలిని వదిలి కొత్త గాలిని పీల్చుకోవాలని మీరు ప్రయత్నిస్తున్నారు. రెండు పనులకూ అంత వ్యవధి ఉండదు. పాత గాలి సగమైనా బయటికి పోకముందే తల మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోతుంది, కొత్త గాలికి లోపల చోటుండదు. ఊపిరాడనట్లు అనిపించడానికి ముఖ్య కారణం ఆక్సిజన్ తగ్గడం కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం. దాన్ని బయటికి పంపకుండా దాచుకుంటే, ఊపిరితిత్తుల నిండా గాలి ఉన్నా ఉక్కిరిబిక్కిరి తప్పదు. ముఖం నీళ్ళలో ఉన్నప్పుడే ముక్కుతోనూ నోటితోనూ సన్నగా, తెగకుండా గాలి వదులుతూ ఉంటే, తల పక్కకు తిప్పినప్పుడు పీల్చుకోవడం ఒక్కటే పని అవుతుంది.

ఇది నాకు తెలిసివచ్చిన తీరు చెబుతాను. నేను ఈత నేర్చుకున్నది నలభై దాటిన తరువాత. మొదటి రోజుల్లో నాలుగు బారలు వేసేసరికి నీళ్ళు మింగి, పొలమారి, కళ్ళనీళ్ళు పెట్టుకునేవాణ్ణి. నేర్పించే ఆయన బారలు వేయడం మాన్పించి, నడుము లోతు నీళ్ళలో గట్టు పట్టుకుని నిలబడమన్నారు. ముఖం ముంచి, నోరు మూసుకుని, 'మ్' అని రాగం తీస్తూ ముక్కుతో గాలి వదలాలి. గాలి అయిపోవస్తుండగా చెంప నీళ్ళకు ఆనించి ఉంచే తల పక్కకు తిప్పి పీల్చుకోవాలి. పక్కనే చిన్నపిల్లలు జలజలా ఈదుకుపోతుంటే నేను వారం రోజులు బుడగలు వదులుతూ నిలబడ్డాను. సిగ్గు వేసిన మాట నిజమే. ఎనిమిదో రోజున అదే ఊపిరితో బారలు వేస్తే గట్టు దాకా ఆగకుండా వెళ్ళాను. ముక్కుతో గాలి వదులుతున్నంతసేపూ ముక్కులోకి నీళ్ళు ఎక్కవన్నది అదనపు లాభం.

తల తిప్పడంలో ఒక కొలత గుర్తుపెట్టుకోండి. ఊపిరి పీల్చేటప్పుడు ఒక కన్ను నీళ్ళలోనే ఉండాలి, రెండోది బయట ఉండాలి. రెండు కళ్ళూ బయటికి వచ్చాయంటే మీరు తల తిప్పలేదు, ఎత్తారన్నమాట. తల ఎత్తితే కాళ్ళు మునుగుతాయి. గాలి నిండిన ఊపిరితిత్తులు ఛాతీలో ఉండడంవల్ల శరీరం ఆ భాగంలో తేలుతుంది, బరువైన కాళ్ళు కిందికి లాగుతాయి. తల పైకి లేచేకొద్దీ నడుము ఇంకా దిగుతుంది. నీరు గాలికన్నా దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. దానిలో వాలిన శరీరాన్ని ముందుకు నెట్టడమంటే తలుపును అడ్డంగా పట్టుకుని పరుగెత్తడంలాంటిది. పైగా వేగం రెట్టింపైతే నీటి అడ్డు సుమారు నాలుగింతలవుతుంది కనుక, బలం పెంచడంకన్నా అడ్డు తగ్గించుకోవడమే తెలివైన పని.

కావాలంటే పరీక్షించి చూడండి. చేతులు రెండూ తలమీదుగా ముందుకు చాపి, గోడను కాళ్ళతో తన్ని, ఏ కదలికా లేకుండా నీటిపై బోర్లా జారిపోండి. మొదటిసారి ఎదురుగా చూస్తూ, రెండోసారి కొలను అడుగును చూస్తూ. రెండోసారి ఎంత ఎక్కువ దూరం వెళ్ళారో మీకే తెలుస్తుంది. కిక్‌బోర్డ్ అనే తేలే పలకను పట్టుకుని తల నిక్కించి గంటలకొద్దీ కాళ్ళు కొట్టించడం నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే.

కాళ్ళ విషయం ఇంతే: కదలిక తుంటినుంచి రావాలి, మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి, పాదం చీలమండ దగ్గర వదులుగా వేలాడాలి.

ఊపిరి కుదిరాక బారలు లెక్కపెట్టడం మొదలుపెట్టండి. 25 మీటర్ల కొలనులో ఒక చివరినుంచి మరో చివరికి ఎన్ని బారలు పట్టాయో చూసుకుని, తొందరపడకుండా, ముందుకు చాపిన చేతిమీద ఒక క్షణం జారుతూ, ఒకటి రెండు తగ్గించగలరేమో ప్రయత్నించండి. పొడుగుచేతులవారికి తక్కువ పడతాయి కనుక ఒకరి లెక్కతో ఒకరు పోల్చుకోవద్దు. 100 మీటర్లు రొప్పుతూ ఒకేసారి ఈదడంకన్నా, 25 మీటర్ల చొప్పున నాలుగుసార్లు, మధ్యలో అర నిమిషం ఆగుతూ ఈదడం మంచిది. అలసిన శరీరం తప్పులనే అలవాటు చేసుకుంటుంది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. నీళ్ళకింద ఎవరు ఎక్కువసేపు ఉంటారని పందేలు కట్టవద్దు, అందుకోసం ముందుగా గబగబా గాలి పీల్చి వదలడం అసలే వద్దు. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, ఊపిరి కావాలన్న హెచ్చరిక రాకముందే ఆక్సిజన్ అయిపోయి నీళ్ళలోనే స్పృహ తప్పవచ్చు. ఇప్పుడు మిమ్మల్ని విసిగిస్తున్న ఆ ఉక్కిరిబిక్కిరే మీకు కాపలా. చూస్తూ ఉండే పెద్దవాళ్ళు లేకుండా ఎప్పుడూ నీళ్ళలో దిగకండి.

ఈ వారం బుడగలతో గడిపి, వచ్చే ఉత్తరంలో మీ బారల లెక్క రాయండి. ఊపిరి కుడివైపు తిరిగి పీలుస్తున్నారో, ఎడమవైపో కూడా రాయండి. రెండో వైపు ఎలా అలవాటు చేసుకోవాలో అప్పుడు చెబుతాను.

ఇట్లు,
మీ తాతయ్య