నౌపడ ఉప్పుతో ఫోటో

వంటుప్పుతో ఫోటో అచ్చు వేయొచ్చంటారు, నిజమేనా, మా నౌపడ ఉప్పు పనికొస్తుందా అని టెక్కలి పాఠకుడొకరు అడిగారు. భేషుగ్గా పనికొస్తుంది. 1839లో డాగేర్ వెండిరేకు మీద ఫోటో తీసే పద్ధతి చాటిన కథ ప్రతి పాఠంలోనూ ఉండేదే, వదిలేద్దాం. కాగితం మీద ఫోటోకి మాత్రం పునాది ఉప్పే.

లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 20 గ్రాముల కల్లుప్పు కరిగించి, మట్టి పోయేలా గుడ్డలో వడకట్టండి. మందపాటి డ్రాయింగ్ కాగితం అందులో నానబెట్టి ఆరేయండి. తర్వాత మసక పసుపు దీపం కింద, 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌కి 12 గ్రాముల సిల్వర్ నైట్రేట్ చొప్పున కలిపి బ్రష్‌తో పూయాలి. చేతికి తగిలితే నల్లమచ్చ రోజుల తరబడి పోదు, కంట్లో పడితే చూపే పోవచ్చు. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పవు. బావినీళ్లు వాడారో, సీసాలోనే పాలలా తెల్లబడుతుంది. ఆ నీళ్లలోని ఉప్పే వెండిని పట్టేస్తుంది. వానాకాలం మన తీరపు తేమకి కాగితం ఆరక నెగటివ్‌కి అంటుకుని మరకలేస్తుంది. మాఘ ఫాల్గుణాలు మేలు.

ఆరిన కాగితం మీద నెగటివ్ బిగించి ఎండలో పెడితే కళ్లముందే బొమ్మ తేలుతుంది. ఎందుకు? ఒక గ్రాము ఉప్పు 2.9 గ్రాముల సిల్వర్ నైట్రేట్‌ని పట్టుకుని సిల్వర్ క్లోరైడ్ అవుతుంది. మన ఉప్పునీళ్లు 100 మిల్లీలీటర్లకి 2 గ్రాముల ఉప్పు, దానికి 5.8 గ్రాముల నైట్రేట్ చాలు, మనం 12 గ్రాముల చొప్పున పూశాం. సగానికి పైగా మిగులే. ఎండ తగిలి వెండి, క్లోరిన్ విడిపోతాయి. క్లోరిన్ ఊరుకోదు, వెండిని మళ్లీ పట్టుకోబోతుంది. మిగులు నైట్రేట్ దాన్ని లాగేసుకుంటుంది కాబట్టి విడిపోయిన వెండి నల్లగా నిలుస్తుంది. ఉప్పే మిగిలితే ఆ అడ్డు ఉండదు.

ఆవకాయ తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. ఉప్పు తగ్గితే బూజు చురుగ్గా లేస్తుంది, దండిగా పడితే ఏదీ కదలదు. కారణాలు వేరు గానీ నడక అదే. 1834లో ఇంగ్లండులో, ఈ ఉప్పుకాగితం పద్ధతి కనిపెట్టిన టాల్బట్ గమనించిందీ ఇదే: ఉప్పు తక్కువ తగిలిన అంచులు ముందు నల్లబడ్డాయి. దాంతో బొమ్మకి పలచని ఉప్పునీళ్లు, ఆపడానికి చిక్కటి ఉప్పునీళ్లు వాడాడు. కాకపోతే ఆ పద్ధతిలో సిల్వర్ క్లోరైడ్ కాగితంలోనే ఉండిపోతుంది, వెలుగు మెల్లగా తన పని చేస్తూనే ఉంటుంది. దాన్ని కరిగించేసే హైపో (సోడియం థయోసల్ఫేట్) గుణం శాస్త్రవేత్త హెర్షెల్ 1819లోనే కనుక్కుని, 1839లో టాల్బట్‌కి చెప్పాడు.

కావలసినదానికంటే ముదురుగా అచ్చు వేసి, నీళ్లలో పాలరంగు రాకుండా పోయేదాకా కడిగి, 10 శాతం హైపోలో 5 నిమిషాల చొప్పున రెండుసార్లు ఉంచండి. బొమ్మ నారింజరంగుకి తిరిగితే కంగారొద్దు, ఆరాక ముదురుతుంది.

ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని మన పల్లెల్లో అనేవారు. హైపో సరిగా కడగకపోతే తగ్గేది ఫోటో ఆయుష్షు: మిగిలిన హైపోలోని గంధకం వెండిని పసుపురంగు సల్ఫైడ్‌గా మార్చేస్తుంది. 1855లో ఇంగ్లండు ఫోటోగ్రాఫర్ ఫెంటన్ క్రిమియా యుద్ధం ఫోటోలు తీసి ఉప్పుకాగితం మీదే అచ్చు వేయించాడు. పత్రికలు వాటిని చెక్కదిమ్మల మీద చెక్కించి వేసుకున్నాయి. ఆ ఏడే లండన్‌లో ఫోటోలు ఎందుకు వెలిసిపోతున్నాయో తేల్చడానికి ఒక సంఘం కూర్చుంది, హైపో మిగలడమే ముఖ్య కారణమంది.

గంటసేపు పారే నీళ్లలో కడిగాక, తెల్ల అంచు మీద ఒక శాతం సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి రెండు నిమిషాలు నీడలో చూడండి. గోధుమరంగు మరక పడితే మళ్లీ కడగాల్సిందే.