"నా సంగతి ఇడిసిపెట్టుండ్రి మేడం": జబ్బు పిల్లల ఇళ్లలో తిరిగే కొన్ని అపోహలు, వాస్తవాలు

పిల్లల వార్డులో కౌన్సెలర్‌గా చేరి నాకు 13 ఏళ్లు దాటింది. మహబూబ్‌నగర్, నారాయణపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లు వస్తారు, అటు దేవరకొండ వైపు నుంచి కూడా వస్తారు. ఒక్కో బిడ్డది ఒక్కో జబ్బు. కానీ తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని "నువ్వెట్లున్నవమ్మా, నిద్ర పడుతున్నదా?" అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "నా సంగతి ఇడిసిపెట్టుండ్రి మేడం. పిలగాడు మంచిగైతే నేను మంచిగైనట్టే."

పోయిన వారం ఒక్క రోజే ముగ్గురు ఈ మాట అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: బిడ్డకు నయమైతే మా బాధ దానంతటదే పోతుంది. అప్పటిదాకా ఓర్చుకోవాలి.

ఈ మాటలో ప్రేమ తప్ప ఇంకేం లేదు. అందుకే దీన్ని కాదనడం అంత కష్టం. కానీ తాయెత్తుల కన్నా, నాటు మందుల కన్నా ఈ మాట వల్లే ఎక్కువ మంది పిల్లలకు నష్టం జరగడం నేను చూశాను.

కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన ఒక తల్లి సంగతి చెప్తాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. కొడుక్కి ఆరేళ్లు, నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బు. ఇది ఉన్న పిల్లలకు మూత్రంలో ప్రోటీన్ పోతుంది, పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బుతుంది. చాలామందికి స్టెరాయిడ్ మాత్రలతో తగ్గుతుంది, కానీ జలుబు చేసినా చాలు మళ్లీ తిరగబెట్టవచ్చు. ఎక్కువ మంది పిల్లలు పెద్దయ్యేకొద్దీ దీని నుంచి బయటపడతారు. ఆ "పెద్దయ్యేకొద్దీ" అన్నన్ని ఏళ్లూ పొద్దున్నే మూత్రం పరీక్ష ఇంట్లోనే చేసుకోవాలి.

ఆమె దగ్గర ఒక గాజు గొట్టం, ఒక చిన్న యాసిడ్ సీసా, ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం ఉండేవి. గొట్టంలో కాస్త మూత్రం పోసి చుక్కలు వేయాలి. తేటగా ఉంటే మంచిది. తెల్లగా మబ్బు పట్టినా, పాలు విరిగినట్టు తరకలు కట్టినా ప్రోటీన్ పోతున్నట్టు. పొద్దున ఒక్కసారి చూస్తే చాలు. ఆమె మాత్రం రోజుకు నాలుగుసార్లు చూసేది. అర్ధరాత్రి పిలగాడు మూత్రానికి లేస్తే సెల్‌ఫోన్ లైట్ వేసి మరీ చూసేది. భర్త పూణెలో కూలి పనికి పోయాడు. పాలమూరు వలస గురించి ఇక్కడివాళ్లకు నేను కొత్తగా చెప్పేదేముంది? రోజూ సాయంత్రం ఆయన ఫోన్ చేసి అడిగే మొదటి మాట "ఇయ్యాల ఎంతొచ్చింది?" అనే. అత్త అదే అడుగుతుంది, పక్కింటావిడా అదే అడుగుతుంది. నువ్వు తిన్నావా అని అడిగినవాళ్లు లేరు.

ఒకరోజు పిలగాడిని ఒళ్లంతా వాచి తీసుకొచ్చారు. పుస్తకం తెరిచి చూశాను. ఈ జబ్బుకు మొదటిసారి వైద్యంలో ఆరు వారాలు రోజూ మాత్ర, ఆ తర్వాత ఆరు వారాలు రోజు విడిచి రోజు ఇస్తారు. వీళ్లది ఆ రెండో దశ. ఒక మంగళవారం గడిలో రెండు టిక్కులున్నాయి. ఆ తర్వాత ఐదు రోజులు ఖాళీ. ఆ కింద మళ్లీ వరుసగా మూడు రోజులు టిక్కులు. ఏ రోజు మాత్ర రోజో, ఏ రోజు కాదో ఆమెకు లెక్క తప్పిపోయింది. అంతకుముందు నెల రోజులుగా ఆమె రాత్రికి రెండు మూడు గంటలకు మించి పడుకోలేదు. అన్నం ముందు పెట్టుకుని లేచిపోయేది. ఆ పుస్తకం ఎవరు చూసినా "తల్లి నిర్లక్ష్యం" అనేస్తారు. అన్నారు కూడా. ఆమె నా ముందు ఏడవలేదు. పుస్తకం మూసి, చీర కొంగుతో దాని అట్ట తుడిచింది.

అది నిర్లక్ష్యం కాదు. వారాల తరబడి నిద్ర లేని మనిషికి జ్ఞాపకం పట్టు తప్పుతుంది, లెక్క తప్పుతుంది, చిన్న నిర్ణయం కూడా కొండంత అవుతుంది. డిప్రెషన్ తోడైతే ఇంకా. "రోజు విడిచి రోజు" అనే చిన్న లెక్కకు కూడా స్థిమితమైన బుర్ర కావాలి. బిడ్డకు ఇన్సులిన్ ఎంత ఎక్కించాలో చూసేది, జ్వరం వస్తే బస్సెక్కాలా వద్దా తేల్చేది, స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపకూడదని గుర్తుంచుకునేది తల్లిదండ్రుల బుర్రే. దాన్ని పక్కన పెట్టి బిడ్డకు వైద్యం చేయడం కుదరదు. కుంగిపోయిన తల్లిదండ్రుల ఇళ్లలో పిల్లల మందులు తప్పిపోతాయని పరిశోధనలూ చెప్తున్నాయి, నా పదమూడేళ్ల అనుభవమూ అదే.

ఆమె విషయంలో చేసింది పెద్దదేం కాదు. మానసిక వైద్యుడికి చూపించాం, డిప్రెషన్‌కు మందు మొదలుపెట్టారు. పరీక్ష పొద్దున ఒక్కసారే అని డాక్టర్‌తోనే చెప్పించాం. మూడు రోజులు వరుసగా 3+ లేదా 4+ (అంటే గొట్టంలో మబ్బు బాగా చిక్కగా, ప్రోటీన్ ఎక్కువగా పోతున్నట్టు) వస్తేనే తిరగబెట్టినట్టు లెక్క, ఒక్క రోజు మబ్బు పడితే హడలిపోనక్కర్లేదు అన్న మాట అప్పటిదాకా ఆమెకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదట. మాత్ర ఇవ్వాల్సిన తారీఖులకు గోడ మీది క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టించాం. అత్తకు చదువు రాదు, కానీ ఎర్ర సున్నా కనబడుతుంది కదా. రోజు విడిచి రోజు మాత్ర పని అత్తది. భర్తతో ఫోన్‌లో నేనే మాట్లాడాను. "రోజూ ముందుగా ఆమె తిన్నదా, పన్నదా అడుగు తమ్మీ, తర్వాత పరీక్ష సంగతి అడుగు" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "నాకట్ల తోచలే మేడం" అన్నాడు.

నయమైతే బాధ పోతుందన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, వైద్యం రెండు మూడేళ్లు సాగుతుంది. అది అయిపోయి, బిడ్డ బడికి పోతున్నా, కాస్త ఒళ్లు వెచ్చబడితే చేతులు వణికే తల్లులు నాకు తెలుసు. ఆసుపత్రి వాసన తగిలితే వాంతి వచ్చే తండ్రి ఒకాయన ఉన్నాడు. పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లలో కనిపించే లక్షణాలే ఇవి. వీటికీ వైద్యం ఉంది.

అపోహ: తల్లి వల్లే వచ్చింది.

దీని మీద నాకు ఓపిక లేదు. కడుపుతో ఉండి గ్రహణం చూసిందట, బొప్పాయి తిన్నదట, ఏడ్చిందట. పిల్లల క్యాన్సర్ వీటిలో దేనివల్లా రాదు. తల్లి టెన్షన్ పడటం వల్లా రాదు.

తలసేమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్న ఇళ్లలో ఇది మరీ ఘోరం. రెండు నుంచి నాలుగు వారాలకోసారి బిడ్డకు రక్తం ఎక్కించాలి. ఆ తిరుగుడులో అలసిపోయిన ఇల్లు ఎవరో ఒకరి మీద పడాలని చూస్తుంది. కోడలిని పుట్టింటికి పంపిన ఇళ్లు నేను చూశాను. వినండి: ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులూ కలవాలి. ఒక్కరి నుంచే వస్తే బిడ్డ క్యారియర్ (ఆ జన్యువును మోసే మనిషి) అవుతుందే తప్ప జబ్బు పడదు. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పుకూ 25 శాతం అవకాశం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదు అన్న లెక్క ఏమీ లేదు. మేనరికంలో ఈ అవకాశం పెరుగుతుంది, బయటి సంబంధమైతే రానే రాదని కాదు. హెచ్‌బీఏ2 రక్త పరీక్షతో క్యారియరో కాదో తెలుస్తుంది. ఆ పరీక్ష భార్యాభర్తలిద్దరూ చేయించుకోవాలి. "మా వంశంలో లేదు" అనే ప్రతి అత్తగారికీ నేను చెప్పేది ఒకటే, పెద్దమ్మా, మీ కొడుకు రిపోర్టు కూడా పక్కన పెట్టి చూద్దాం.

మిగతావి గబగబా చెప్తాను.

తండ్రి ఏడవట్లేదు కాబట్టి గట్టిగా ఉన్నాడు అనుకోవద్దు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు ఆయన తలలో తిరుగుతూ ఉంటుంది. ఆరోగ్యశ్రీ ఉన్నా దారి ఖర్చు, పోయిన కూలి ఎవరిస్తారు? ఉన్నట్టుండి తాగుడు పెరిగినా, వార్డు లోపలికి రాకుండా టీ కొట్టు దగ్గరే నిలబడిపోయినా అది కూడా బాధే. బస్సు ఆడవాళ్లకు ఫ్రీ అయ్యాక చెకప్‌లకు తల్లులొక్కరే రావడం నేను ఎక్కువగా చూస్తున్నాను. నెలకు ఒక్కసారైనా తండ్రి కూడా రావాలి.

గుట్టకు పోతాం, దర్గాకు పోతాం అంటారు. పోండి. మాత్రల డబ్బా మాత్రం సంచిలో పెట్టుకునే పోండి.

డిప్రెషన్ మందు తింటే అలవాటు పడిపోతారన్నది తప్పు. సారా లాంటిది కాదది. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆపేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు మెల్లగా ఆపాలి, అంతే.

"సూది లేదు నాన్నా" అని అబద్ధం చెప్పి బిడ్డను తేవద్దు. ఒక్కసారి మోసపోయిన పిల్ల తర్వాత ఆరు నెలలు గేటు దగ్గరే కూలబడి ఏడుస్తుంది. "సూది ఉంది, కాసేపు నొస్తుంది, నేను పట్టుకుంటా" అనండి చాలు.

అపోహ: మిగతా పిల్లలకు ఏం తెలుస్తుంది? వాళ్లు బాగానే ఉన్నారు.

ఇక్కడ నా సొంత సంగతి చెప్పాలి. నాకు ఏడేళ్లప్పుడు మా తమ్ముడికి గుండె జబ్బు అని తేలింది. అమ్మానాన్నలు హైదరాబాద్ పోయారు, నన్ను మిర్యాలగూడ దగ్గర అమ్మమ్మ ఊళ్లో దింపారు. నాలుగు నెలలు. ఎవరూ ఏం చెప్పలేదు, చిన్నపిల్ల కదా అని. దానికి వారం ముందు బావి గట్టు దగ్గర ఆడుకుంటూ వాడి ఛాతీ మీద రెండు చేతులతో నెట్టాను. వాడు వెల్లకిలా పడి ఏడ్చాడు. నావల్లే వాడి గుండె చెడిందని నాలుగు నెలలు నమ్మాను. రాత్రి అమ్మమ్మ పక్కన పడుకుని, నేను నెట్టలేదు అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. అందరూ మాత్రం "పిల్ల బుద్ధిగా ఉంది, సతాయించట్లేదు" అని మెచ్చుకున్నారు.

ఆ వయసు పిల్లలు జరిగిన చెడుకు తామే కారణమనుకోవడం మామూలే. అందుకే ఇప్పుడు ప్రతి ఇంట్లో అడుగుతాను, పెద్దమ్మాయికి చెప్పారా అని. మూడు మాటలు చాలు: తమ్ముడికి వచ్చిన జబ్బు పేరు ఇది, నువ్వు చేసిన దాని వల్ల రాలేదు, నీకు అంటుకోదు. వారానికి ఒక్క రోజు, అరగంటైనా సరే, ఆ పిల్లతోనే గడపండి. సతాయించని పిల్లను ఇంకా జాగ్రత్తగా చూడండి.

అపోహ: చావు ఆలోచన గురించి అడిగితే, లేని ఆలోచన పుట్టించినట్టవుతుంది.

పుట్టదు. అడిగితే మనిషికి ఊపిరి ఆడుతుంది. "బిడ్డా నేనూ ఒకేసారి పోతే పీడ పోతుంది" అని తల్లి ఏదో మాటవరసకన్నట్టు అంటే "ఛీ, అట్ల అనొద్దు" అని నోరు మూయించకండి. పక్కన కూర్చుని సూటిగా అడగండి: నిజంగా అట్లా అనిపిస్తున్నదా? ఎన్నాళ్ల నుంచి? అవునంటే ఆమెను ఒంటరిగా వదలొద్దు, పురుగుల మందు ఇంట్లోంచి తీసేయండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. పత్తి చేలు ఉన్న మన ఇళ్లలో ఆ డబ్బా ఎక్కడో ఓ మూల ఉంటుంది, ముందు దాన్ని వెతకండి.

అంత దూరం పోకపోయినా, రెండు వారాలకు మించి నిద్ర లేక, తిండి సయించక, ఏ పనీ చేయబుద్ధి కాకుండా ఉంటే చూపించుకోవాలి. రావడానికి వీలు కాకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. బిడ్డ పడుకున్నాక వార్డు వరండాలోంచి చేసినవాళ్లున్నారు. నంబర్‌ను మందుల చీటీ వెనక రాసిస్తాను, ఎందుకంటే ఆ చీటీని వాళ్లు పారేసుకోరు.