పొట్టసింగి ఠాణా: కొండెక్కిన పోలీసు వెనక కథ

మావోయిస్టుల పని ముగించడానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా పెట్టుకున్నప్పటి నుంచి ఒడిశా సరిహద్దు కొండల్లో పాత పేచీ మళ్లీ రాజుకుంది. పోలీసు క్యాంపులు పైనే ఉండాలా, దిగాలా? ఈ మాట వచ్చిన ప్రతిసారీ రంప, అల్లూరి అంటూ మొదలుపెడతారు. అవి అందరికీ తెలిసినవే. అసలు ముడి అంతకన్నా ముందు, గుణుపురం పైనున్న పొట్టసింగిలో పడింది. నేటి పటాల్లో రాయగడ జిల్లా పుట్టాసింగ్ అదే.

మొదట్లో కొండదారుల కాపలా సర్కారుది కాదు. పర్లాకిమిడి వైపు ఘాటీలు, అంటే కొండ కనుమలు, బిస్సోయిలనే కొండ నాయకుల చేతుల్లో ఉండేవి, జయపురం (ఇప్పటి కొరాపుట్ జిల్లాలోది) వైపు రాజావారి మనుషులు చూసుకునేవారు. 1830ల్లో పర్లాకిమిడి, పాలకొండ, గంజాం వైపు గుంసూరు ఒకదాని వెనక ఒకటి భగ్గుమన్నాక దొరలకు గుబులు పట్టుకుంది. 1839లో 24వ చట్టం వచ్చింది. కొండ ప్రాంతాలకు మామూలు కోర్టులు లేవు, కలెక్టరే మద్రాసు గవర్నరుకు ఏజెంటు, తీర్పూ ఆయనదే, పోలీసూ ఆయనదే. ఈనాటి ‘ఏజెన్సీ’ అనే మాట ఆ ఏజెంటు నుంచి వచ్చిందే. గిరిజనుల రక్షణ కోసం వేరు చేశారని ఇప్పుడు చెప్పుకుంటాం గానీ, వేరు చేసింది భయం. ఆ భయం ఎంతటిదంటే, జయపురం పాలన నేరుగా చేతిలోకి తీసుకుందామని 1855లో ప్రతిపాదన వెళ్తే గవర్నర్ జనరల్ డల్హౌసీయే వద్దన్నాడు. గుంసూరు లాంటి అడవి యుద్ధం ఇంకొకటి మెడకు చుట్టుకుంటుందని ఆయన జంకు.

1859లో మద్రాసుకు కొత్త పోలీసు చట్టం వచ్చింది (ఇదీ 24వ నంబరే, కాకతాళీయం). 1863లో జయపురంలో అసిస్టెంట్ ఏజెంటు, ఆయన వెంట పోలీసులు దిగారు. నా లెక్కలో మలుపు ఇదే. గొడవైతే పైకి వెళ్దామనే పద్ధతి పోయి, గొడవ కాకుండా ముందే పైన కూర్చుందామనే పద్ధతి వచ్చింది.

ఏడాది తిరిగేసరికి ఫలితం తెలిసింది. 1864లో పొట్టసింగి పోలీసులు ఒక సవర గ్రామపెద్దను పట్టుకున్నారు. ఆ అరెస్టు సరైంది కాదని 1907 నాటి సర్కారువారి జిల్లా గెజిటీరే ఒప్పుకుంది. సవరలు వచ్చి పెద్దను విడిపించుకున్నారు. ఇన్‌స్పెక్టరూ నలుగురు కానిస్టేబుళ్లూ చచ్చారు, ఠాణా బూడిదైంది. సర్కారువారి కథ తిరుగుబాటుతో మొదలవుతుంది. సవరల కథ అంతకు ముందే, ఊరిపెద్ద చేతులకు కట్టు పడిన దగ్గర మొదలవుతుంది. గమాంగును (సవర ఊరిపెద్దను) పట్టుకుపోవడమంటే ఊరి నోరు కట్టేయడమే.

జయపురం రాజా సాయంతో 24 మందిని పట్టుకున్నారు. 9 మందికి యావజ్జీవ ద్వీపాంతరం. ఐదుగురిని ఘాటీ కిందున్న జల్తేరులో ఉరితీశారు. కోర్టున్న ఊళ్లో కాదు, పొట్టసింగికి ఎక్కే దారి మొదట్లో! రాజావారికి ఒక రైఫిలు, మరికొన్ని బహుమానాలు ముట్టాయి.

అయినా కొండ లొంగలేదు. 1865లో పోస్టు పెట్టడానికి ఎక్కిన దళాన్ని సవరలు కొట్టి ఘాటీ కిందికి తరిమారు. ఇది ధైర్యానికి సంబంధించిన సంగతి కాదు, దారికి సంబంధించినది. ఘాటీలో ఒకరి వెనక ఒకరే నడవాలి. బియ్యం, మందుగుండు మోసే కూలీలు మధ్యలో ఉంటారు. ముందువాడు ఆగితే వెనకవాళ్లంతా ఆగినట్టే, విల్లు పట్టినవాడు పైనుంటాడు. వానాకాలం దారి మూసుకుపోతుంది, జ్వరం పట్టుకుంటుంది. అందుకే ఈసారి చలికాలం చూసుకుని పెద్ద బలగాన్ని పోగేశారు. 1866 జనవరిలో పోస్టు నిలబడింది, ఇంకో ముగ్గురు ద్వీపాంతరం పోయారు. జ్వరం మాత్రం ఎవరికీ లొంగలేదు. 1870లో అసిస్టెంట్ ఏజెంటు కచేరీనే జయపురం నుంచి ఎత్తు మీదున్న కొరాపుట్‌కు మార్చారు.

చిన్న పోస్టుతో ఇంకో చిక్కుంది. అది కాపలా కాయడం మాట అటుంచి, ఎదుటివాడికి తుపాకుల కొట్టు అవుతుంది. 1880లో రంప తిరుగుబాటు నాయకుడు తమ్మన్నదొర మల్కాన్‌గిరి వైపు మోటు ఠాణాను పట్టాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి అల్లూరి దండు తుపాకులు పట్టుకుపోయింది. ఈనాటి క్యాంపులకు ముళ్లకంచె, ఇసుక బస్తాలు, వందల మంది జవాన్లు ఎందుకంటే జవాబు అక్కడుంది.

ఇప్పటి వాదన కంచె గురించి కాదు, అడగడం గురించి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అభివృద్ధి పనులకు భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పీసా చట్టం చెబుతుంది. పోలీసు క్యాంపు ఆ లెక్కలోకి వస్తుందా రాదా అన్న దగ్గర అధికారులూ ఊళ్లూ రెండు దారులు. క్యాంపు వచ్చాకే రోడ్డు, సెల్ టవరు వచ్చాయని అధికారులు అంటారు, అదీ నిజమే.

పొట్టసింగి పోస్టు నిలబడ్డాక కూడా కొండ సవరలు చాలాకాలం బెదురుతూనే ఉన్నారు. వాళ్లు కింది సంతలకు రావడం మొదలుపెట్టారనీ, కిందివాళ్లు భయం లేకుండా ఘాటీ ఎక్కుతున్నారనీ సర్కారు నివేదికలు ఒక విశేషంగా రాసుకున్నది 1874లో. ఠాణా కాలిన పదేళ్లకు.