ఒక అక్షరం మీద వచ్చిన అభియోగం: మికోలా స్క్రిప్నిక్ నేపథ్యం

2019 మేలో ఉక్రెయిన్ ప్రభుత్వం తన భాషకు కొత్త వర్ణక్రమ నియమాలను ఆమోదించగానే అక్కడ పాత వాదం మళ్లీ మొదలైంది. కొత్త నియమాల్లో కొన్ని నిజానికి 1928 నాటివి. వాటికి జనం పెట్టుకున్న పేరు ‘స్క్రిప్నికివ్కా’. ఆ పేరు వెనకున్న మనిషి కవీ కాదు, భాషా పండితుడూ కాదు. లెనిన్ వెంట నడిచిన కరడుగట్టిన బోల్షివిక్.

మికోలా స్క్రిప్నిక్ 1872లో దొనెత్స్క్ ప్రాంతంలోని యాసినువతాలో, రైల్వే ఉద్యోగి ఇంట్లో పుట్టాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇంజనీరింగ్ చదువుకు చేరాడు కానీ, ఆపైన జీవితమంతా అరెస్టులు, ప్రవాస శిక్షలు, పారిపోవడాలు. 1917 అక్టోబర్‌లో పెట్రోగ్రాడ్ సైనిక విప్లవ కమిటీలో సభ్యుడు. 1918 మార్చిలో సోవియట్ ఉక్రెయిన్ తొలి ప్రభుత్వానికి అధిపతి అయ్యాడు. అది ఎక్కువ కాలం నిలవలేదు. ఆ ఏడాదే ‘చెకా’ రహస్య పోలీసులోనూ పనిచేశాడు. ఆయన్ని భాషా వీరుడిగా మాత్రమే చూసేవాళ్లు ఈ ఉద్యోగం ప్రస్తావన తేరు.

1922లో రిపబ్లిక్‌లన్నిటినీ రష్యాలో అంతర్భాగాలుగా చేర్చాలని స్టాలిన్ ప్రతిపాదిస్తే స్క్రిప్నిక్ ఎదిరించాడు. ఉక్రెయిన్ విడిపోవాలన్నది ఆయన కోరిక కాదు. సమాన రిపబ్లిక్‌ల కూటమి అని లెనిన్ చెప్పిన మాటను ఆయన అక్షరాలా నమ్మాడు. చివరికి ఇబ్బంది తెచ్చింది ఆ నమ్మకమే.

1923 నుంచి అమల్లో ఉన్న ‘ఉక్రెయినీకరణ’ 1927లో ఆయన విద్యా కమిసార్ (మంత్రి) అయ్యాక జోరందుకుంది. బడులు, పత్రికలు, పుస్తకాలు ఉక్రెయినీలోకి మారాయి. ఆ భాష రాని అధికారులు పరీక్ష పాసవ్వాల్సి వచ్చింది. రష్యా రిపబ్లిక్ కింద ఉన్న కుబాన్‌లోని ఉక్రెయినీలకు కూడా సొంత భాషలో బడులు కావాలని ఆయన పట్టుబట్టాడు. 1928లో వచ్చిన వర్ణక్రమంలో ‘గ’ శబ్దానికి ప్రత్యేకంగా ఒక అక్షరం చేర్చారు. ఉక్రెయినీలో మామూలు ‘గె’ అక్షరాన్ని ‘హ’గా పలుకుతారు. హ, గ వేర్వేరుగా రాసుకునే మనకు ఇందులో రాజకీయం ఏముందో చప్పున అర్థం కాదు. రష్యన్‌లో మాత్రం రెంటికీ ఒకటే అక్షరం.

ఇక్కడే అసలు చిక్కుంది. మాస్కో వైపు కాదు, యూరప్ వైపు చూడాలన్న రచయిత మికోలా ఖ్విలోవీ మీద, ఆయనకు అండగా నిలిచిన విద్యా కమిసార్ షుమ్‌స్కీ మీద ‘జాతీయవాద పెడధోరణి’ ముద్ర వేసినవాళ్లలో స్క్రిప్నిక్ ముందున్నాడు. షుమ్‌స్కీని తొలగించాకే ఆ కుర్చీ ఈయనకు దక్కింది. 1930లో 45 మంది మేధావులను, టీచర్లను కుట్రదారులంటూ ఖార్కివ్‌లో బోనెక్కించినప్పుడూ ఆయన పదవిలోనే ఉన్నాడు. పార్టీ గీతకు అవతల ఉన్నవాళ్లనే కొడతారు, తనను కాదు అనుకున్నాడేమో.

1932 చివరికి ఉక్రెయిన్ పల్లెలు ఆకలితో చస్తున్నాయి. లక్షల ప్రాణాలు తీసిన ఆ కరువు ధాన్యం బలవంతపు వసూళ్ల ఫలితం. డిసెంబర్ 14న మాస్కో తీర్మానం వసూళ్ల వైఫల్యాన్ని ఉక్రెయినీకరణకు ముడిపెట్టి, కుబాన్‌లో ఉక్రెయినీ బడులను, పత్రికలను రష్యన్‌లోకి మార్చమంది. జనవరిలో స్టాలిన్ మనిషిగా పోస్టిషెవ్ దిగాడు. ఫిబ్రవరిలో స్క్రిప్నిక్ విద్యాశాఖ పోయింది, చేతికి ప్రణాళికా సంఘం వచ్చింది. మే 13న ఖ్విలోవీ తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. జూన్‌లో పోస్టిషెవ్ స్క్రిప్నిక్‌ను బహిరంగంగానే నిందించాడు: ఉక్రెయినీని రష్యన్‌కు దూరం చేసి శత్రువుకు మేలు చేశారని. ఆ ‘గ’ అక్షరమూ అభియోగంలో భాగమైంది. తప్పు ఒప్పుకుంటూ లేఖ రాయమని పార్టీ ఒత్తిడి చేసింది. 1933 జూలై 7న స్క్రిప్నిక్ ఖార్కివ్‌లో తుపాకీతో కాల్చుకున్నాడు. పార్టీ దాన్ని పిరికిపనిగా ప్రకటించింది. ఆ ఏడాదే అక్షరాన్నీ తీసేశారు.

అది మళ్లీ వర్ణమాలకెక్కింది 1990లో. 2019 నియమాలు 1928 రూపాల్లో కొన్నిటిని తప్పనిసరి చేయలేదు, వికల్పంగా అనుమతించాయి. ఏథెన్స్‌ను ‘అఫీనీ’ అనైనా రాయొచ్చు, పాత పద్ధతిలో ‘అతేనీ’ అనైనా రాయొచ్చు.