సూది కింద తాడాట

చిన్నీకి, బాబీకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అడిగిన దానికి జవాబు చెప్పలేదని చిన్నీ అలిగిందట. ఇదిగో, చెబుతున్నాను. "చేత్తో కుడితే ఒక్క దారం చాలుగా తాతయ్యా, మిషన్‌కి రెండెందుకు?" అని కదా నీ ప్రశ్న. సంక్రాంతి సెలవుల్లో పేరంటానికి తాంబూలం సంచులు మీ ఇద్దరి చేతా కుట్టించాలని మీ అమ్మమ్మ అప్పుడే పాత చీరలు తీసి ఎండలో వేసింది. కాబట్టి ప్రశ్నా, పనీ కలిపి రాస్తున్నాను.

ముందు చేతి సూదిని చూడండి. దాని బెజ్జం తోక దగ్గర ఉంటుంది. సూది మొత్తం గుడ్డలోంచి దూరి అవతలికి పోతుంది, వెనకాలే దారాన్ని ఈడ్చుకుపోతుంది. మిషన్ సూదికి బెజ్జం ముక్కు దగ్గరే ఉంటుంది. దాని తలని మిషన్ బిగించి పట్టుకుంది కాబట్టి అవతలికి పోలేదు. దిగిన చిల్లులోంచే మళ్ళీ పైకి రావాలి. దిగేటప్పుడు దారాన్ని వెంట తీసుకెళ్తుంది. మరి పైకొచ్చేటప్పుడు? కింద ఎవరూ పట్టుకోకపోతే దారం కూడా దాని వెంటే తిరిగొచ్చేస్తుంది. గుడ్డ మీద చిల్లులు మిగులుతాయి, కుట్టు ఉండదు.

అంటే కింద ఎవరో ఒకరు ఆ దారాన్ని ఆపాలి. ఒకే దారంతో ఆపే ఉపాయమూ ఉంది. వంటింట్లో 25 కిలోల బియ్యం సంచి మూతి చూడండి. గొలుసులా ఉంటుంది కుట్టు. అక్కడ ఒక ఉచ్చుని దాని తర్వాతి ఉచ్చు పట్టుకుంటుంది, దాన్ని ఇంకోటి, అలా చివరిదాకా. చివరి దాన్ని పట్టుకునేవాళ్ళు లేరు. అందుకే సరైన కొస దొరికిందంటే సర్రున మొత్తం ఊడొస్తుంది. బియ్యం సంచికి అదే సుఖం. మీ స్కూలు చొక్కాకి అలా అయితే ఎలా?

అందుకని రెండో దారం. ఇది తాడాటని గుర్తు తెచ్చుకుంటే బాగా తెలుస్తుంది. ఇద్దరు తాడు తిప్పుతుంటే చిన్నీ మధ్యలో గెంతుతోంది అనుకోండి. తాడు తల మీంచి వచ్చి కాళ్ళ కిందనుంచి పోతుంది. అంటే ప్రతి చుట్టుకీ చిన్నీ ఆ తాడులోంచి ఒకసారి దూరి బయటికొచ్చినట్టే. మిషన్ కింద గూట్లో రెండో దారం చుట్టి ఉన్న చిన్న చక్రమే బాబిన్, అదే ఆ గెంతే పిల్ల. సూది కిందిదాకా దిగి కాస్త పైకి లేవగానే దారం వదులై చిన్న ఉచ్చు కడుతుంది. షటిల్‌కి (బాబిన్ కూర్చునే ఇనుప తొడుగు అది) కొడవలిలాంటి ముక్కు ఒకటి ఉంటుంది, అది వచ్చి ఆ ఉచ్చుని అందుకుంటుంది. అందుకుని బాబిన్ తల మీంచి, వీపు వెనకనుంచి, కాళ్ళ కిందనుంచి తిప్పేస్తుంది. ఇప్పుడు ఆ పిల్ల చేతిలో అమ్మ చీరచెంగు ఒకటి పెట్టండి. అదే బాబిన్ దారం. తాడు పిల్లని దాటి పోతుంది గానీ చెంగుని దాటి పోలేదు. చెంగు కొస పైన గుడ్డకి కుట్టి ఉంది మరి. తాడు చెంగులో చిక్కుకుంటుంది. అంతలో పైనున్న మీట లేచి తాడుని బిగించి లాగుతుంది, తాడూ చెంగూ గుడ్డ మందంలో కలిసి ఆగిపోతాయి. ఒక కుట్టు పడింది. పిల్ల మళ్ళీ గెంతాలి. ఆ పిల్లకి ఆయాసం రాదు, చెంగు అయిపోతే మాత్రం చెప్పకుండా ఆట మానేస్తుంది. మనం పైన తొక్కుతూనే ఉంటాం, కింద కుట్టు ఉండదు. అందుకే సంచి మొదలుపెట్టే ముందే బాబిన్ నిండా దారం ఎక్కించుకోవాలి.

ఇందులో నాకు ఇప్పటికీ వింతగా తోచే సంగతి ఒకటుంది. తాడు పిల్ల వీపు వెనకనుంచి కూడా పోవాలి కదా. మరి పిల్లని వెనక గోడకి మేకేసి కొడితే తాడు ఎలా పోతుంది? అందుకని ఆ షటిల్‌ని ఏ ఇరుసుకీ బిగించరు. దారం పట్టేంత సందు చుట్టూరా వదిలి, గూట్లో వదులుగా కూర్చోబెడతారు, అంతే. వదులుగా ఉన్న వస్తువు మీద ఇంత బిగువైన కుట్టు ఆధారపడి ఉంది!

ఇలా రెండు దారాలు మెలిపెట్టే మిషన్‌కి ఎలియాస్ హౌ అనే అమెరికా ఆయన 1846లో పేటెంటు తీసుకున్నాడు. అయిదేళ్ళకి ఐజాక్ సింగర్ అనే ఇంకో అమెరికా ఆయన అలాంటి మిషన్నే మెరుగుపరిచి తన మిషన్‌కి పేటెంటు తీసుకున్నాడు. యంత్రాలంటే అంతగా ఇష్టపడని గాంధీగారు కూడా 1924లో సింగర్ కుట్టుమిషన్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారు.

సరే, సంచి సంగతికొద్దాం. తమలపాకులు, వక్కలు, పసుపు కుంకుమ పొట్లాలు, ఒక పండు, జాకెట్టు ముక్క పట్టేంత సంచి. ఒక్కోదానికి 20 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు ఉన్న గుడ్డ కావాలి. చీర పన్నా 45 అంగుళాలు దాకా ఉంటుంది కాబట్టి 20 అంగుళాల ముక్క అడ్డంగా కోస్తే 5 సంచులొస్తాయి. పాత నేతచీర అన్నిటికన్నా మంచిది. ఎన్నో ఉతుకులు చూసింది కాబట్టి ఇక కుదించుకుపోదు. కొత్త గుడ్డయితే తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాలి. పట్టుకి చేయి పెట్టకండి. పోగులు లేచిపోతాయి, పైగా అమ్మమ్మ కూడా మన మీదికి లేస్తుంది. ఏ చీరనైనా ముందు అడిగే కోయాలి.

పొడవు పడుగు దారాల వెంట రావాలి. ఏది పడుగో ఎలా తెలుస్తుందంటే, చీర పొడవునా పోయే పోగులే పడుగు, అడ్డం పోయేవి పేక. తెలియకపోతే గుడ్డని లాగి చూడండి. పడుగు వెంట సాగదు, పేక వెంట కాస్త సాగుతుంది, ఐమూలగా లాగితే బాగా సాగుతుంది. ఐమూలగా కోసిన సంచి తెల్లారేసరికి ఒక పక్కకి ఒరిగిపోతుంది. గీతలకి చాక్ కొననక్కర్లేదు. అరిగిపోయిన సబ్బు బిళ్ళని ఎండబెడితే సన్నటి గీత గీస్తుంది, ఉతికితే పోతుంది.

గుడ్డని మంచివైపు లోపలికి వచ్చేలా సగానికి మడవండి. 8 వెడల్పు, 10 ఎత్తు అవుతుంది. అడుగున మడతే ఉంది కాబట్టి అక్కడ కుట్టక్కర్లేదు. రెండు పక్కలా అంచునుంచి అరంగుళం లోపలికి గీత గీసి దాని మీద కుట్టాలి. కానీ పైనుంచి మూడున్నర అంగుళాలు కుట్టకుండా వదిలేయండి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఉత్సాహంలో పైదాకా కుట్టేస్తారు, తర్వాత తాడు దూర్చే దారి లేక కూర్చుంటారు. కుట్టు మొదలైన చోట ముందుకీ వెనక్కీ మూడేసి కుట్లు వేయండి. సంచి మూతి తెరిచినప్పుడల్లా బలం అంతా ఆ ఒక్క చోటే పడుతుంది, చిరిగితే ముందు అక్కడే చిరుగుతుంది.

వదిలేసిన పక్క అంచులని అరంగుళం లోపలికి మడిచి కుట్టేయండి. తర్వాత మూతిని ముందు అరంగుళం, మళ్ళీ ఒకటిన్నర అంగుళం మడవండి. సరిగ్గా కొలిస్తే ఈ మడత అంచు పక్క కుట్టు మొదలైన చోటికే వచ్చి ఆగుతుంది. రాకపోతే కుట్టొద్దు, మళ్ళీ కొలవండి. మడత పెట్టిన ప్రతిసారీ ఇస్త్రీ చేయాలి. అమ్మమ్మకి ఇచ్చే పని అదే, వేడి ఇస్త్రీపెట్టె దగ్గర బాబీకి పని లేదు. మడత అంచు మీద ఒక కుట్టు, దానికి ముప్పావంగుళం పైన ఇంకో కుట్టు వేస్తే మధ్యలో తాడుకి దారి ఏర్పడుతుంది. సంచికి ముందువైపూ వెనకవైపూ విడివిడిగా వేయాలి. రెండూ కలిపి కుట్టేస్తే మూతి మూసుకుపోతుంది.

తాళ్ళు రెండు, ఒక్కోటి 24 అంగుళాలు. కొసకి పిన్నీసు గుచ్చి మొదటిది ఎడమనుంచి దూర్చి చుట్టూ తిప్పి ఎడమకే తేవాలి, రెండోది కుడినుంచి కుడికి. రెండు పక్కలా లాగితే మూతి కుచ్చుళ్ళు పడి ముడుచుకుంటుంది. ఎందుకలా అవుతుందో నేను చెప్పను, ఒకే తాడుతో ఒకసారి చేసి చూడండి.

చిన్నీ మిషన్ మీద, బాబీ చేత్తో కుట్టండి. బాబీ, దారం మూరెడు చాలు, బారెడు పెడితే ప్రతి కుట్టుకీ చిక్కే. ఒక కుట్టు ముందుకేసి, సగం వెనక్కొచ్చి మళ్ళీ గుచ్చితే గట్టిగా ఉంటుంది. చిన్నీ, మిషన్‌కి 14 నంబరు సూది, అంగుళానికి పది కుట్లు. మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ నాలుగేసి అంగుళాలు వెనక్కి పట్టుకో. గుడ్డని లాగకు, సూది కింద ఉండే రంపం పళ్ళలాంటివే దాన్ని నడిపిస్తాయి. లాగితే సూది వంగుతుంది, వంగిన సూది కుట్లు దాటేస్తుంది. చక్రం ఎప్పుడూ నీ వైపుకే తిరగాలి.

ఏదో ఒక రోజు గుడ్డ కింద దారం పిచ్చుకగూడులా చుట్టుకుంటుంది. అందరూ బాబిన్‌ని తిడతారు. పాపం, చాలాసార్లు తప్పు దానిది కాదు, పైదారానిది. గుడ్డని నొక్కిపట్టే ఫుట్ దించి దారం ఎక్కిస్తే ఆ దారం, దాన్ని బిగించే టెన్షన్ బిళ్ళల మధ్యలోకి దిగదు, పైనే ఉండిపోతుంది. తాడు తిప్పేవాళ్ళు తాడుని బిగించడం మానేస్తే పిల్ల కాళ్ళకి చుట్టుకున్నట్టు. ఫుట్ ఎత్తి మొత్తం మళ్ళీ ఎక్కించండి.

మా చిన్నప్పుడు తాంబూలం సంచులు లేవు. పాత చీరకి చివరి గతి బొంతే. నాలుగైదు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, మధ్యలోంచి అంచుల వైపు టాకాలు వేసేవాళ్ళు, ముడతలు బయటికి జరిగిపోవాలని. అంచుల్లోంచి మొదలుపెడితే ముడత నడిమధ్యన చిక్కి, పడుకున్నవాళ్ళ వీపుకి గుచ్చుకుంటుంది. మిగిలిన పేలికలు పారేయకండి, వేసవి సెలవులకి బొంత పెడదాం.

మీరు రాగానే ముందు ఒక పని. మిషన్‌కి పైన ఎర్రదారం, కింద తెల్లదారం ఎక్కించి పెడతాను. బల్ల మీది రేకుని పక్కకి జరపండి. కాళ్ళు తొక్కుడుబల్ల మీద పెట్టకుండా, చక్రాన్ని చేత్తో మెల్లగా మీ వైపుకి తిప్పండి. సూదిని చూడకండి, కిందికి చూడండి. ఎర్రతాడు పిల్ల తల మీంచి ముందు పోతుందో, వీపు వెనకనుంచి ముందు పోతుందో చూసి నాకు చెప్పాలి. తర్వాత గుడ్డని తిప్పి చూడండి. కింద ఎర్రచుక్కలు కనిపిస్తే పైదారం వదులు, పైన తెల్లచుక్కలు కనిపిస్తే బిగువు. ఏదీ కనిపించకపోతే సంచి మొదలుపెడదాం.

మీ
తాతయ్య

గుడ్డ కత్తెరతో గాలిపటాల కాగితం కోయడానికి వీల్లేదు. అది కోసిన కత్తెర గుడ్డని నమలడం మొదలుపెడుతుంది. గాలిపటాలకి వేరే కత్తెర కొని ఉంచాను.