ప్రొంక్ వేరు, ప్రాంక్ వేరు: జింక గెంతు మాటపై అపోహలు - వాస్తవాలు

వన్యప్రాణుల డాక్యుమెంటరీలకు తెలుగు వ్యాఖ్యానం రాయడం, ఇతరులు రాసిన అనువాదాలను సరిదిద్దడం నా వృత్తి. దక్షిణాఫ్రికా మైదానాల్లోని స్ప్రింగ్‌బాక్ జింకలు నాలుగు కాళ్లనూ కర్రల్లా బిగబట్టి, వీపును విల్లులా వంచి, తలను కిందికి దించి నిలువునా పైకి ఎగిరిపడే దృశ్యం వచ్చినప్పుడల్లా నా బల్ల మీదికి ఒకే తప్పు వస్తుంది. ఆ గెంతుకు ఇంగ్లీషువారు వాడే ‘ప్రొంక్’ అనే మాటను అనువాదకులు ‘ప్రాంక్’గా చదువుకొని, చిలిపి జింకలు ఒకదాన్నొకటి ఆటపట్టిస్తున్నాయని రాస్తారు. అదే దృశ్యంలో పొద చాటున చిరుత పొంచి ఉంటుంది.

ఈ అపోహనే ముందుగా తేల్చుకోవాలి, ఎందుకంటే ఇది ఒక్క పదాన్ని చెడగొట్టి ఊరుకోదు, దృశ్యం అర్థాన్నే తలకిందులు చేస్తుంది. ‘ప్రొంక్’ దక్షిణాఫ్రికాలో మాట్లాడే ఆఫ్రికాన్స్ భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఆఫ్రికాన్స్‌కు అది డచ్చి భాష ఇచ్చిన ఆస్తి. డచ్చిలో ‘ప్రొంకెన్’ అంటే ఉన్న అందాన్నీ సంపదనూ నలుగురికీ కనబడేలా ప్రదర్శించడం, ఠీవి ఒలకబోయడం. నెమలి పురి విప్పి నిలబడితే డచ్చివారు ఈ క్రియనే వాడతారు. అరువు సొమ్ముతో గొప్పలు పోయేవాడిని ‘ఇతరుల ఈకలతో ప్రొంకెన్ చేస్తున్నాడు’ అని దెప్పుతారు. వెండి పాత్రలు, ఖరీదైన పండ్లు, గాజు గిన్నెలు బల్ల నిండా పేర్చి 17వ శతాబ్దంలో వారు చిత్రించిన ఆడంబరమైన నిశ్చల చిత్రాలకు ‘ప్రొంక్‌స్టిల్‌లేవన్’ అని పేరు. ఆఫ్రికాన్స్‌లో తోటలో పూసే స్వీట్ పీ పువ్వును ‘ప్రొంకర్కీ’ అంటారు. ఇన్ని చోట్లా ఉన్నది సింగారం, ప్రదర్శన, కాస్త బడాయి మాత్రమే; చిలిపితనం ఎక్కడా లేదు.

ఆ పేరు ఈ జింకకు ఎందుకు అతికిందో దాని వీపు చూస్తే తెలుస్తుంది. నడుము మధ్య నుంచి తోక దాకా చర్మపు మడతలో పొడవైన తెల్లని వెంట్రుకలు దాగి ఉంటాయి. శాస్త్రనామంలోని ‘మార్సూపియాలిస్’ అనే మాట, అంటే సంచి గలది అనే అర్థం, ఆ మడతను చూసి పెట్టినదే. జింక రెండు మీటర్ల ఎత్తుకు ఎగిరినప్పుడు ఆ మడత తెరుచుకొని వెంట్రుకలు విసనకర్రలా విచ్చుకుంటాయి.

మరి ఎవరికోసం ఈ ప్రదర్శన? స్ప్రింగ్‌బాక్ కూనలు ఆటలో కూడా ఇలా గెంతుతాయి కనుక ఆట అనడం అన్ని వేళలా తప్పు కాదు. అయితే వేటమృగం ఎదురుగా ఉన్నప్పటి గెంతు సంగతి వేరు. టాంజానియాలోని సెరెంగెటిలో థామ్సన్ గజెల్ అనే దాయాది జింకలపై ఫిట్జ్‌గిబ్బన్, ఫాన్‌షా అనే పరిశోధకులు 1988లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఆఫ్రికా అడవికుక్కలు తక్కువగా గెంతే జింకలనే ఎంచుకొని తరిమాయి. అంటే ‘నన్ను తరిమి నీ ఒళ్లు అలవగొట్టుకోకు, నాలో సత్తువ ఉంది’ అని జింక వేటగానికి ముఖం మీదే చెబుతోందన్నమాట. బడాయి అనే అర్థమున్న మాటకు ఇంతకన్నా తగిన చోటు దొరకదు.

తప్పు రాసే యువ అనువాదకులను నేను తిట్టను. వారిలో చాలామంది భయపడుతూనే ఫోన్ చేస్తారు, నిఘంటువు చూసినా తేలలేదని నొచ్చుకుంటారు. వారికి నేను చెప్పేది ఒక్కటే: తెలుగు లిపిలో హ్రస్వ ‘ఒ’ ఉంది, దాన్ని వాడుకోండి. ‘కొండ’లో పలికే ‘ఒ’తోనే ‘ప్రొంక్’ అని రాస్తే సగం గందరగోళం పుట్టదు. ఆ లెక్కన స్ప్రింగ్‌బొక్ అని కూడా రాయాలి గానీ, పత్రికల్లో పాతుకుపోయిన మాటను కదిలించే ఓపిక నాకు లేదు; పైగా అక్కడ అర్థం చెడదు.

నాకు ఓపిక నశించేది వాట్సాప్ పండితుల దగ్గర. ప్రొంక్ అనేది ఆఫ్రికా ఆదివాసుల మంత్రపు మాట అని ఒక సందేశం తిరుగుతోంది. పైన చెప్పిన డచ్చి వంశవృక్షం ముందు అది నిలవదు. దాదాపు ఇదే గెంతుకు వాడే ‘స్టాట్’ అనే మరో మాట ఎద్దు పేరు నుంచి వచ్చిందనేది ఇంకో వదంతి. ఎద్దును సూచించే ‘స్టాట్’ ఉన్నమాట నిజమే గానీ అది వేరే పదం. జింకకు పట్టినది బంతిలా ఎగిరిపడటాన్ని చెప్పే స్కాట్లాండ్ మాట. విచిత్రం ఏమిటంటే, అలంకరించుకోవడం అనే అర్థంలో ఇంగ్లీషులో ఒకప్పుడు వాడిన ‘ప్రాంక్’ అనే క్రియ ప్రొంకెన్‌కు చుట్టమే. అయితే ఈనాటి ప్రాంక్ వీడియోలకు ఆ చుట్టరికాన్ని అంటగట్టకూడదు.

ఇంత చెప్పే నేను నా తొలి స్క్రిప్టులో ఏమి రాశానో కూడా చెప్పాలి. ‘భయంతో బెదిరిన జింకలు’ అని రాశాను. ఆ వ్యాఖ్యానం చదవడానికి వచ్చిన పెద్దాయన మైకు ముందు ఆగి, ‘లేడికి లేచిందే పరుగు అంటారు గదా బాబూ, భయపడినది పారిపోకుండా ఉన్నచోట ఎగరడమెందుకు?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు రికార్డింగు ఆగింది, నేను డచ్చి నిఘంటువు వెతుక్కుంటూ వెళ్లాను. తరువాత రోళ్లపాడు గడ్డిమైదానంలో మన కృష్ణజింకలు జీపును చూసి ఒకదాని వెంట ఒకటి ఎగిరెగిరి దూకినప్పుడు ఆయన ప్రశ్నే గుర్తుకొచ్చింది. కృష్ణజింకకు వీపు మీద తెల్లని విసనకర్ర లేదు కనుక దానికి ‘చెంగుచెంగున ఎగురుతోంది’ అని రాస్తాను. స్ప్రింగ్‌బాక్ వచ్చినప్పుడు మాత్రం ‘తెల్లని పురి విప్పి ఠీవిగా ఎగురుతోంది’ అని రాస్తున్నాను.