కియా కారు మీద రాసిన మాట

2019 ఆగస్టు 8న పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీ నుంచి మొదటి సెల్టోస్ బయటికి వచ్చింది. వేడుకకు వచ్చిన అప్పటి హిందూపురం ఎంపీ గోరంట్ల మాధవ్ ఆ కొత్త కారు మీదే తన నిరసన రాశారు. కారు బయటికొచ్చింది గానీ మా యువతకు మాత్రం చోటు లేకపోయిందన్నది ఆ రాత సారాంశం. దాని వెనక చాలా ఏళ్ల ఎదురుచూపు ఉంది.

అనంతపురం జిల్లా వానలకు ఎంత మొహం వాచిందో కొత్తగా చెప్పక్కర్లేదు. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడటం, బోరు ఎండిపోతే ఇంకో బోరు వేయడం, అదీ కాకపోతే బెంగళూరు బస్సెక్కడం ఇక్కడ తరాలుగా నడుస్తోంది. పరిశ్రమ వస్తుందంటే ఇక్కడి జనం ముందు తలచుకునేది ఊరు వదలకుండా ఉండొచ్చనే.

కార్ల ఫ్యాక్టరీ ఆశ రాష్ట్రానికి అంతకుముందూ ఒకసారి కలిగింది. 2005లో ఫోక్స్‌వ్యాగన్ విశాఖపట్నం వస్తుందన్నారు. ఆ ప్రాజెక్టు కోసమని వశిష్ఠ వాహన్ అనే సంస్థకు ప్రభుత్వ సొమ్ము 11 కోట్లు చెల్లించారు. అది వివాదమై సీబీఐ విచారణ దాకా వెళ్లింది. ఫ్యాక్టరీ మాత్రం పుణె దగ్గరి చాకణ్‌కు పోయి, 2009లో ప్రారంభమైంది. అందుకే 2017 ఏప్రిల్ 27న కియా ఒప్పందం మీద సంతకాలయ్యాక కూడా చాలామంది నమ్మలేదు. పైగా కియాలో పెద్ద వాటాదారైన హ్యుందాయ్ 1998 నుంచే చెన్నై పక్కన శ్రీపెరంబుదూరులో కార్లు తయారు చేస్తోంది. అది వదిలి ఈ రాళ్ల నేలకెందుకు వస్తారన్నది న్యాయమైన అనుమానమే.

వచ్చారు. 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. బెంగళూరు, హైదరాబాద్‌లను కలిపే 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే స్థలం. అయితే నా దృష్టిలో అసలు మలుపు నీళ్లది. శ్రీశైలం జలాశయం ఎగువన మాల్యాల దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు హంద్రీనీవా ఎత్తిపోతల పథకం కాలువల్లో అంత దూరం నడిచి పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయర్‌కు చేరాయి. ఫ్యాక్టరీకి నీళ్లు అక్కడివే. అవి రాకుంటే ఎన్ని రాయితీలిచ్చినా ఈ కథ మొదలయ్యేది కాదు.

ఆ తర్వాత పేరు ఎవరిదన్న గొడవ మొదలైంది. 2019 జనవరి 29న ట్రయల్ ప్రొడక్షన్ మొదలుపెట్టింది చంద్రబాబు నాయుడు. అదే ఏడాది డిసెంబర్ 5న ఫ్యాక్టరీని ప్రారంభించింది జగన్‌మోహన్ రెడ్డి. 2020 ఫిబ్రవరిలో ప్లాంటు తమిళనాడుకు తరలిపోవచ్చంటూ ఒక వార్తా సంస్థ కథనం ఇచ్చేసరికి మళ్లీ టెన్షన్. కంపెనీ, ప్రభుత్వం రెండూ కాదన్నాయి. అదే ఏడాది మే నెలలో ఇంకో 5.4 కోట్ల డాలర్లు పెడతామని కియా ప్రకటించింది. ఈ రచ్చలో కారు మీద రాసిన మాట పక్కకు పోయింది. నాకు బాధ కలిగించేది అదే.

ఉద్యోగాల లెక్క అర్థం కావాలంటే లోపల పని ఎలా జరుగుతుందో చూడాలి. ప్రెస్ షాపులో రేకు అచ్చు పడుతుంది, బాడీ షాపులో వెల్డింగ్, తర్వాత పెయింట్, చివర భాగాలు బిగించే అసెంబ్లీ. ప్లాంటులో 450కి పైగా రోబోలున్నాయి. చేతి పని ఎక్కువగా మిగిలేది అసెంబ్లీలో, విడిభాగాలు చేసే అనుబంధ కంపెనీల్లో. అక్కడా కావాల్సింది ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలు. పొలం ఇచ్చిన రైతు కొడుకు పదో తరగతితో ఆగిపోయి ఉంటే అతనికి దొరికేది గేటు దగ్గరి పనో, కాంట్రాక్టు పనో.

2019 జులైలో రాష్ట్ర శాసనసభ 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. మరి స్థానికుడంటే ఎవరు? కాగితం మీద రాష్ట్రమంతా స్థానికమే కావచ్చు. ఎర్రమంచి వాళ్లకు మాత్రం ఆ మాటకు అర్థం పెనుకొండ, సోమందేపల్లి, హిందూపురం దాకానే. 2022లో జిల్లాలు విడిపోయాక ఫ్యాక్టరీ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. అనంతపురం కుర్రాడికి అదిప్పుడు పక్క జిల్లా కంపెనీ.

2023 జులైలో ఇక్కడి నుంచి పది లక్షవ కారు బయటికి వెళ్లింది. అదీ సెల్టోసే.